ముందు కాగితం, ఆ తరువాతే ఉయ్యాల

పార్కును బాగు చేయాలన్న మాట రాగానే అందరూ ముందు మాట్లాడేది ఉయ్యాల గురించి, జారుడుబల్ల గురించి, రంగుల దీపాల గురించి. ఆ జాగా ఎవరి పేరున ఉన్నదో, వేసవిలో నీళ్ళు ఎవరు పోస్తారో, మాలీకి నెలజీతం ఎవరిస్తారో అడిగేవారు తక్కువ. శంకుస్థాపన నాడు ఈ ప్రశ్నలు ఎవరికీ గుర్తుకు రావు. రెండు ఎండాకాలాలు గడిచాక మాత్రం మిగిలేవి ఈ ప్రశ్నలే. పార్కులు పాడుపడడానికి డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. చేయవలసిన పనుల వరుస తలకిందులు కావడం అంతకంటే పెద్ద కారణం.

ఈ సంగతి గోపన్‌పల్లి వంటి చోట తెలిసినంత బాగా మరోచోట తెలియదు. రంగారెడ్డి జిల్లాలో ఇంకా పల్లెలుగానే ఉన్న ఊళ్ళు ఈ ఊరిని చూసి నేర్చుకోవలసింది చాలా ఉన్నది. రేపు వాటి వంతు రాబోతున్నది కనుక.

పల్లె అంచున నగరం

గోపన్‌పల్లి శేరిలింగంపల్లి మండలంలోని ఊరు. ఒకప్పుడు దాని చుట్టూ ఉన్నవి రాళ్ళగుట్టలు, కంచెలు, కుంటలు, మెట్టచేలు. 1974లో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడి ఈ ప్రాంతానికి పొరుగైంది. 1998 నవంబరులో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచారు. అక్కడినుంచి గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మీదుగా నగరం పడమటికి నడిచి వచ్చింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లి మునిసిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసిపోయింది. పల్లె కాగితాల మీద నగరమైంది. చేల స్థానంలో వెంచర్లు, వెంచర్ల స్థానంలో అంతస్తులు లేచాయి.

ఇక్కడ భూమి ఎన్ని చేతులు మారిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2004 ఫిబ్రవరి 3న కుదిరిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయం కంచ గచ్చిబౌలిలోని 534 ఎకరాల 28 గుంటలను ప్రభుత్వానికి వదులుకున్నది. దానికి బదులుగా గోపన్‌పల్లిలో 397 ఎకరాల 16 గుంటలు ఇచ్చారు. సర్వే నంబరు 36లో 191 ఎకరాల 36 గుంటలు, సర్వే నంబరు 37లో 205 ఎకరాల 20 గుంటలు కలిపితే వచ్చే లెక్క అది. అప్పుడు చేతులు మారిన కంచ గచ్చిబౌలి భూమిలోనే 400 ఎకరాలు 2025లో దేశమంతటా చర్చకు వచ్చాయి. అక్కడ చెట్లు కొట్టడాన్ని 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపివేసింది. ఇరవై ఏళ్ళనాటి కాగితం ఇరవై ఏళ్ళ తరువాత చెట్ల ప్రాణం మీదికి వచ్చింది. జాగా విషయంలో కాగితమే ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

రోడ్లకు డబ్బు దొరకని ప్రాంతం కాదిది. గోపన్‌పల్లి తండా కూడలి వద్ద కట్టిన ఫ్లైఓవరును 2024 జులై 20న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ప్రారంభించారు. దానికి రూ.28 కోట్లకు పైగా ఖర్చయింది. బండ్ల రద్దీ ఉన్నచోట వంతెన కావలసిందే. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. బండి ఆగకుండా పోవడానికి ఇంత ఆలోచించినవారు ముసలివాళ్ళు కాసేపు ఆగి కూర్చునే చోటు గురించి, పిల్లలు పరుగెత్తే చోటు గురించి కూడా అంతే ఆలోచించాలి కదా అన్నదే ప్రశ్న.

పల్లెలో పార్కు అన్న మాట లేదు. దాని అవసరమూ లేదు. రచ్చకట్ట ఉన్నది, చెరువుగట్టు ఉన్నది, బడి ముందు మైదానం ఉన్నది, కోత అయిపోయిన చేను ఉన్నది. ఇవేవీ ఎవరూ టెండరు పిలిచి కట్టినవి కావు. పల్లె కాలనీగా మారేటప్పుడు ఇవన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. వాటి బదులు చట్టం ఇచ్చేది ఒక్కటే. లేఅవుట్‌లో పదోవంతు ఖాళీ జాగా. పోయినదానితో పోల్చితే అది చాలా తక్కువ. ఆ తక్కువను కూడా కాపాడుకోలేకపోతే మిగిలేది గోడలు, రోడ్లు మాత్రమే.

ఆ పది శాతం ఎవరిది?

వెంచరు వేసేవారు మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతం జాగాను ఖాళీగా విడిచి, రోడ్లతో పాటు దానపత్రం రాసి రిజిస్టరు చేయించి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది లేఅవుట్ నిబంధన. పనులు పూర్తి చేస్తారన్న హామీగా ప్లాట్లలో 15 శాతాన్ని తనఖా పెట్టించుకునే పద్ధతి కూడా ఉన్నది. రోడ్లు, మురుగుకాల్వలు, ఖాళీ జాగా సక్రమంగా అప్పగించిన తరువాతే ఆ తనఖా విడవాలి. ఈ రెండు నియమాలు సరిగా అమలైతే ఏ కాలనీలోనూ పార్కు జాగా గురించి తగవు రానే రాదు.

తగవు ఎందుకు వస్తుందో లెక్క వేస్తే తెలుస్తుంది. పది ఎకరాల వెంచరులో పార్కుకు వచ్చేది ఎకరం. ఎకరం అంటే 4,840 గజాలు. గజం 50 వేల రూపాయలనుకుంటే దాని వెల 24 కోట్ల 20 లక్షలు. ప్లాటు కొన్నవారికి బ్రోచరులో పచ్చని బొమ్మగా కనిపించిన ఆ జాగా మీద, అమ్మకాలు ముగిశాక మరొకరి కన్ను పడడంలో ఆశ్చర్యం ఏమున్నది? మొదట కంకర కుప్ప పోస్తారు. తరువాత రేకుల షెడ్డు లేస్తుంది. ఆ తరువాత ఎవరో ఒకరు నకలు పట్టుకుని వస్తారు. దానపత్రం రిజిస్టరు కాకపోతే, కాలనీ వారి నోటిమాట కోర్టులో నిలవడం కష్టం.

ఈ తగవు ఒక్క హైదరాబాద్‌ది కాదు. బెంగుళూరులో రాజ్‌మహల్ విలాస్ విస్తరణ ప్రాంతంలో పార్కు కోసం విడిచిన జాగాను 1976లో ముఖ్యమంత్రి ఆదేశం మీద ఒక ప్రైవేటు ట్రస్టుకు ఆసుపత్రి కట్టుకోవడానికి ఇచ్చారు. ఆ వీధులవారు కోర్టుకు వెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదన్నది. ఆసుపత్రి మంచిదే అయినా, పార్కుకని ఉంచిన జాగాను ప్రైవేటు చేతికి మళ్ళించే అధికారం పాలకులకు లేదని తేల్చింది. ఆ చుట్టుపక్కల నివసించే మామూలు మనిషికి ఈ విషయంలో కోర్టుకెక్కే హక్కు ఉన్నదని కూడా చెప్పింది. పల్లెల విషయంలో ఇటువంటి తీర్పే 2011 జనవరిలో వచ్చింది. పంజాబ్‌లో పటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామంలో ఊరికుంటను పూడ్చి ఇళ్ళు కట్టినవారిని ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. దేశంలోని అన్ని రాష్ట్రాలూ గ్రామాల ఉమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించే పథకాలు తయారు చేయాలన్నది.

తెలంగాణలో చెరువులను, పార్కులను, ప్రభుత్వ భూములను ఆక్రమణల నుంచి కాపాడడానికి 2024 జులైలో హైడ్రా ఏర్పడింది. ఆక్రమణలు తొలగించడం అవసరమే. అయితే బుల్డోజరు వచ్చేది నష్టం జరిగాక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, చేతులు కాలకముందే కాగితం పట్టుకోవడం మేలు. దానపత్రం నకలు, మంజూరైన లేఅవుట్ నకలు, సర్వే కొలతల నకలు కాలనీ సంఘం బీరువాలో ఉండాలి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 2005లో వచ్చిన ఆ చట్టం ప్రకారం 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నాలుగు మూలలా హద్దురాళ్ళు పాతించి, స్థానిక సంస్థ పేరుతో బోర్డు పెట్టించాలి. పార్కు బాగుచేయడంలో మొదటి ఖర్చు ఈ బోర్డుదే కావాలి. అది అన్నిటికంటే చిన్న ఖర్చు. అన్నిటికంటే పెద్ద రక్షణ కూడా.

నారు పోసేవారు ఒకరు, నీరు పోసేవారు?

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు పెద్దలు. పార్కుల విషయంలో ఆ సామెత పనిచేయదు. ఇక్కడ నారు పోసేది ఒకరు, నీరు పోయవలసింది మరొకరు. కట్టడానికి దొరికే నిధులు చాలా ఉన్నాయి. పోషించడానికి దొరికేవి చాలా తక్కువ.

పార్లమెంటు సభ్యునికి నియోజకవర్గ అభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు. అది మన్నికైన ఆస్తులు కల్పించడానికి ఉద్దేశించిన సొమ్ము. దానితో ప్రహరీ కట్టవచ్చు, నడకదారి వేయవచ్చు. మాలీకి నెలనెలా జీతం ఇవ్వడానికి కాదు అది. హైటెక్ సిటీ పొరుగు ఊళ్ళకు మరో దారి ఉన్నది. కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2014 నుంచి ఇది అమలులో ఉన్నది. తాము పనిచేస్తున్న ప్రాంతానికి మొదటి స్థానం ఇవ్వాలని కూడా ఆ చట్టమే చెబుతున్నది. కనుక గోపన్‌పల్లి పరిసరాలవారు కంపెనీల గడప తొక్కి అడగడం భిక్ష కాదు.

కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. కంపెనీలు ఇలా చేపట్టే దీర్ఘకాల పనులకు గడువు, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం పోగా మూడేళ్ళు. మూడేళ్ళ తరువాత ఆ పని ముగిసినట్టే లెక్క. చెట్టుకు మాత్రం మూడేళ్ళు బాల్యమే. కంపెనీ బోర్డు గేటు మీద మిగిలి, లోపల మొక్కలు ఎండిపోయే ప్రమాదం ఇక్కడే ఉన్నది. నాలుగో ఏడు ఎవరిది అన్న ప్రశ్నకు మొదటి రోజే రాతపూర్వకంగా జవాబు ఉండాలి. అది లేని ఒప్పందం మీద సంతకం చేయకపోవడం మంచిది.

పోషణ ఖర్చు ఎంతో ఊహించడం కష్టమేమీ కాదు. ఎకరం పార్కుకు ఒక మాలీని పెట్టి నెలకు 15 వేలు ఇచ్చారనుకుందాం. ఊడ్చేవారికి 7 వేలు. కరెంటు, బోరు మరమ్మతు, ఎరువు కలిపి 5 వేలు. మొత్తం నెలకు 27 వేలు, ఏడాదికి 3 లక్షల 24 వేలు. పదేళ్ళకు ధరలు ఏమీ పెరగవనుకున్నా 32 లక్షలు దాటుతుంది. ప్రారంభోత్సవం నాటి అంచనా పత్రంలో ఈ అంకె సాధారణంగా కనిపించదు. ఇది కనిపించని అంచనా సగం అంచనా మాత్రమే.

ఈ సొమ్ము రావలసిన చోటు పన్నే. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలకు అప్పగించదగిన పనుల జాబితా ఉన్నది. అందులో 12వ అంశం పార్కులు, తోటలు, ఆటస్థలాలు. పంచాయతీలకు సంబంధించిన పదకొండో షెడ్యూలులో 29వ అంశం ఉమ్మడి ఆస్తుల పోషణ. తెలంగాణలో 2019 మునిసిపాలిటీల చట్టం బడ్జెటులో పదోవంతు హరిత పనులకు కేటాయించాలన్నది. పంచాయతీలకూ ఇటువంటి నియమమే పెట్టారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న షరతు కూడా వచ్చింది. అంటే పార్కుకు నీళ్ళు పోయడం ఎవరి దయ మీదో ఆధారపడిన విషయం కాదు. బడ్జెటులో ఆ పద్దు కింద ఎంత చూపారు, ఎంత ఖర్చు పెట్టారు, అందులో ఈ పార్కుకు వచ్చింది ఎంత అని అడిగే హక్కు ఇంటిపన్ను కట్టే ప్రతివారికీ ఉన్నది.

మరో పద్దు గురించి కూడా అడగాలి. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేయడానికి 2020లో తెచ్చిన పథకానికి రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా విడవని చోట, ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ జాగా రుసుము కింద వసూలు చేయాలన్నది ఆ పథకం నియమం. అంటే వెంచరు వేసినవారు విడవని జాగాకు ప్లాటు కొన్నవారు డబ్బు కడుతున్నారు. ఆ డబ్బు ఆ ఊరికే రావాలి. దానితో ఆ చుట్టుపక్కలే జాగా కొనాలి. లేదా ఉన్న జాగాను బాగుచేయాలి. ఆట మైదానం పేరిట కట్టిన సొమ్ము మరో పద్దులో కలిసిపోతే, బడుగుజీవి రెండుసార్లు మోసపోయినట్టే.

ఎంత కట్టగలరో కాదు, ఎంత పోషించగలరో

పోషణకు వచ్చే డబ్బు ఇంత అని తేలిన తరువాత పథకం గీయాలి. పథకం గీసి, కట్టి, ఆ తరువాత పోషణ గురించి వెతుక్కోవడం ఎడ్లకు ముందు బండి కట్టడం లాంటిది. ఫౌంటెను కట్టడానికి కంట్రాక్టరుకు నెల పడుతుంది. అది ఆగిపోవడానికి ఒక్క మోటారు కాలితే చాలు. పచ్చిక పరిస్తే కళ్ళకు చల్లగా ఉంటుంది. కాని దక్కను రాతినేల మీద ఏప్రిల్, మే నెలల్లో దానికి పోసే నీరు ఊరిబోరు భరించలేదు. వేప, కానుగ, నేరేడు, చింత, రావి, రేల ఈ నేలకు అలవాటైన చెట్లు. మొదటి రెండు మూడేళ్ళు కాపాడితే తరువాత అవే మనుషులను కాపాడతాయి. తొందరగా పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్‌ను విరివిగా నాటి, తరువాత వద్దనుకున్న అనుభవం రాష్ట్రానికి ఉన్నది. అది మళ్ళీ అక్కరలేదు.

రాళ్ళగుట్టను పేల్చి చదును చేయడం కూడా అక్కరలేదు. గోపన్‌పల్లి ప్రాంతపు రాళ్ళు ఎవరూ కట్టకుండానే ఉన్న బెంచీలు. పల్లపు మూలలో ఇంకుడుగుంత తీస్తే వానాకాలం నీరు రోడ్డు మీదికి పోకుండా బోరులోకి దిగుతుంది. పెద్ద అపార్టుమెంట్లలో మురుగునీటిని శుద్ధి చేసే యంత్రాలు ఉన్నాయి. ఆ నీరు మిగిలినచోట పార్కుకు గొట్టం వేస్తే, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూడనక్కరలేదు. నడకదారికి నున్నని పలకల కంటే గట్టిపరచిన మట్టి మేలు. ముసలివారి మోకాళ్ళకూ మంచిది, నీరూ ఇంకుతుంది. ఎత్తైన గోడ కంటే లోపల ఏం జరుగుతున్నదో బయటికి కనిపించే ఇనుప కంచె మేలు. ఆడవాళ్ళు నిర్భయంగా రావాలంటే ఫౌంటెను కంటే వెలిగే దీపం, శుభ్రమైన మరుగుదొడ్డి ముందు కావాలి.

ఇవన్నీ నిర్ణయించేవారు ఇంజనీరు ఒక్కరే కాకూడదు. పార్కును వాడేవారిలో తెల్లవారుజామున నడిచేవారు వేరు, మధ్యాహ్నం నీడకు వచ్చేవారు వేరు, సాయంత్రం ఆడేవారు వేరు. మధ్యాహ్నం నీడకు వచ్చేవారిలో ఎక్కువమంది ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, కట్టడాల దగ్గర పనిచేసే కూలీలు, సరుకులు చేరవేసే కుర్రాళ్ళు. కాలనీ సంఘం సమావేశానికి వీరెవరూ రారు. వచ్చినా నోరు విప్పరు. వారిని అడిగి తెలుసుకోవడం సంఘం పెద్దల పని.

గేటు తాళం ఎవరి చేతిలో?

నిధులు ఇచ్చేవారి గురించి మాట్లాడినప్పుడు మరో సంగతి దాటవేయకూడదు. నగరపాలక సంస్థ సరిగా చూడడం లేదని కాలనీ సంఘాలే చందాలు వేసుకుని పార్కులు నడపాలనుకోవడం సహజం. 500 ఇళ్ళు నెలకు 50 రూపాయల చొప్పున వేసుకుంటే 25 వేలు వస్తుంది. పైన చెప్పిన ఖర్చుకు ఇంచుమించు సరిపోతుంది. ఉత్సాహం మెచ్చుకోదగినదే. అయితే చందా కట్టినవాడికి ఇది నాది అన్న భావం వస్తుంది. తరువాత గేటుకు తాళం వస్తుంది. ఆ తరువాత పాత ఊరి పిల్లలు, తండా పిల్లలు బయట నిలబడి చూడవలసి వస్తుంది. ఒకనాడు ఆ జాగాలో పశువులను మేపిన కుటుంబాల పిల్లలే వారు కావచ్చు.

దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు వచ్చిన జాగా ప్రజలందరిదీ. దానికి చందా ఇచ్చినవారు ధర్మకర్తలే గాని యజమానులు కారు. తెరిచే వేళలు, మూసే వేళలు బోర్డు మీద రాయాలి. ఆ వేళల్లో గేటు అందరికీ తెరిచి ఉండాలి. పన్నుతో జరగవలసిన పని పన్నుతోనే జరగాలి. చందా దానికి తోడు కావాలి గాని, బదులు కాకూడదు. చందా ఇవ్వగలిగిన కాలనీలో పార్కు పచ్చగా, ఇవ్వలేని బస్తీలో బీడుగా ఉంటే అది ఊరికి అందం కాదు.

న్యూయార్కు అనుభవం కూడా ఇదే చెబుతుంది. ప్రపంచంలోకెల్లా ధనవంతమైన ఆ నగరంలో 843 ఎకరాల సెంట్రల్ పార్కు, 1970లలో నగరపాలక సంస్థ ఖజానా ఖాళీ కావడంతో పాడుపడింది. 1980లో పౌరులు ఒక సంస్థగా ఏర్పడి విరాళాలతో దాన్ని నిలబెట్టారు. పోషణ లేకపోతే ఎంత గొప్ప పార్కయినా పదేళ్ళలో పాడవుతుందని ఒక పాఠం. దాతలు ఉన్న చోటికే విరాళాలు వస్తాయి గనుక మిగతా పార్కుల భారం ప్రభుత్వానిదేనని మరో పాఠం.

రేపటి గోపన్‌పల్లులు

ఇదంతా నగరం గొడవ, పల్లెలకు ఎందుకని జిల్లాలోని రైతులు అనుకోవచ్చు. గోపన్‌పల్లి రైతులూ ఒకనాడు అలాగే అనుకొని ఉంటారు. 2025 మార్చిలో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి ప్రాధికార సంస్థ 56 గ్రామాలతో ఏర్పడింది. కందుకూరు, యాచారం, కడ్తాల్ వైపు ఊళ్ళు అందులో ఉన్నాయి. శంకర్‌పల్లి, చేవెళ్ళ దారుల వెంట ప్లాట్ల బోర్డులు ముందే మొలిచాయి. చేను ఎకరాల లెక్క నుంచి గజాల లెక్కకు మారే రోజు ఏ ఊరికైనా రావచ్చు.

ఆ రోజుకు ముందే చేసుకోవలసిన పని ఒకటి ఉన్నది. ఊరిలోని ఉమ్మడి జాగాల జాబితా తయారు చేయడం. కుంట, శిఖం, గ్రామకంఠంలోని ఖాళీ, బడి మైదానం, శ్మశానం, బండ్లబాట, అన్నీ సర్వే నంబర్లతో రాసి గ్రామసభలో చదివించి తీర్మానం చేయించాలి. 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల వరకు తెలంగాణ పంచాయతీలు సర్పంచులు లేకుండా ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. ఎన్నికైన పాలకవర్గాలు చేయవలసిన తొలి పనుల్లో ఇది ఒకటి. ఊరిలో వేసే ప్రతి వెంచరుకు సంబంధించి దానపత్రం అందిందా, తనఖా ప్లాట్లు ఎప్పుడు విడిచారు అన్నది గ్రామసభలో అడగాలి. పది శాతం జాగాను నాలా పక్కన పట్టీగానో, కరెంటు తీగల కింద ముక్కగానో చూపితే ఒప్పుకోకూడదు.

పల్లెలకు ఈ విషయంలో కొంత అనుభవం కూడా ఉన్నది. 2020 తరువాత తెలంగాణలో 19 వేలకు పైగా పల్లె ప్రకృతి వనాలు నాటారు. అప్పటి ఉపాధిహామీ పథకం కూలీలు గుంతలు తీశారు. అంతకుముందే పంచాయతీలకు ట్రాక్టరు, ట్యాంకరు సమకూరాయి. నాటే పనికి నీరు పోసే ఏర్పాటు తోడైంది. ట్యాంకరుకు డీజిలు దొరికిన చోట మొక్క చెట్టయింది. దొరకని చోట ఎండిపోయింది. పార్కు పథకం ఎలా ఉండాలో పల్లెల్లోని ఈ రెండు రకాల వనాలను పక్కపక్కన చూస్తే చాలు, వేరే నిపుణులు చెప్పనక్కరలేదు.

కేంద్ర ప్రభుత్వం 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల ప్రకారం మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలి. అంటే సుమారు 12 నుంచి 14 గజాలు. ఆ లెక్కన ఎకరం పార్కు 400 మందికి సరిపోతుంది. ఒక్క పెద్ద అపార్టుమెంటులో ఉండే జనం అంతకంటే ఎక్కువ. కాబట్టి గోపన్‌పల్లిలో మిగిలిన ప్రతి గజమూ విలువైనదే. దాన్ని పోగొట్టుకుంటే మళ్ళీ కొనుక్కునే స్తోమత ఏ మునిసిపాలిటీకీ లేదు.

పదిమంది చేతిలో పాము చావదంటారు. పార్కు విషయంలో నగరపాలక సంస్థ, కాలనీ సంఘం, కంపెనీ, ప్రజాప్రతినిధి, అందరూ ఉంటారు. బాధ్యత మాత్రం ఎవరిమీదా ఉండదు. అందుకే ప్రతి పార్కుకూ గేటు దగ్గర ఒక పలక కావాలి. శంకుస్థాపన చేసినవారి పేర్లు రాసే శిలాఫలకం కాదు. విస్తీర్ణం ఎన్ని గజాలు, దానపత్రం నంబరు ఎంత, ఈ ఏడాది పోషణకు కేటాయించింది ఎంత, నీళ్ళు పోయవలసిన బాధ్యత ఏ అధికారిది, ఫిర్యాదు ఎక్కడ చేయాలి, ఈ అయిదు సంగతులు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన పలక. ఆ పలక పెట్టడానికి అధికారులు ముందుకు రావాలి. పెట్టకపోతే ప్రజలు అడగాలి. అది నిలిచిన తరువాత ఉయ్యాల ఎప్పుడు కట్టినా ఆలస్యం కాదు.